వైర్ ర్యాక్ మీద కంప్యూటర్ సామాను: క్లిప్పు తిరగబెట్టకండి

రౌటరు టీవీ వెనక, యూపీఎస్ మంచం కింద, సీపీయూ తలుపేసిన చెక్క బీరువాలో. ఇలాంటి ఇళ్లు చూసి చూసి విసుగొచ్చింది. నాలుగు గొట్టాల వైర్ ర్యాక్ ఒకటి కొనండి. అరలన్నీ జాలీయే కాబట్టి వేడిగాలి దానంతటదే పైకి పోతుంది. లోతు 18 అంగుళాలకు తగ్గకూడదు, లేకపోతే సీపీయూ వెనక వైర్లకు చోటుండదు. ఒక రబ్బరు సుత్తి, కాస్త వెల్క్రో పట్టీ ఉంటే చాలు.

గొట్టాలు బిగించడం పిల్లలైనా చేస్తారు. తంటా అంతా క్లిప్పులతోనే.

గొట్టం పొడవునా అంగుళానికో గాటు ఉంటుంది. రెండు చెక్కలుగా వచ్చే ప్లాస్టిక్ క్లిప్పు ఆ గాట్లో కూర్చుంటుంది. దాని సన్నకొస పైకి, లావుకొస కిందికి ఉండాలి. అరను పైనుంచి జార్చితే లావుకొస మీద బిగుసుకుంటుంది. బరువు పెట్టే కొద్దీ ఇంకా బిగుస్తుంది. తిరగబెట్టినా పైకి తేడా తెలియదు, అదే ప్రమాదం. నేను మొదటిసారి ఒకటి తిరగబెట్టాను. మూడు వారాలు బాగానే ఉంది. ఓ రాత్రి టకామని చప్పుడైంది, లేచి చూస్తే మానిటరు గోడకు ఒరిగి ఉంది.

గాట్లు కంటి అంచనాతో వద్దు. కిందినుంచి వేలు పెట్టి లెక్కపెట్టండి, నాలుగు గొట్టాలకూ ఒకటే లెక్క రావాలి. అర దించేటప్పుడు క్లిప్పు చెక్క ఒకటి ఊడి పడుతుంది, చాలామంది చూసుకోరు. అందుకే రెండో మనిషి ఉండాలి. దించాక ఎదురెదురు మూలల్లో సుత్తితో తట్టండి. మూల మీదే తట్టాలి, తీగల మీద కాదు.

ఇక సర్దడం. బ్యాటరీ బరువు కాబట్టి యూపీఎస్ అడుగు అరలో, దానిపైన సీపీయూ. రౌటరు అన్నిటికన్నా పైన పెట్టండి, ఎందుకంటే ఇనప జాలీల మధ్య పెడితే వైఫై సిగ్నల్ తగ్గుతుంది. హార్డ్ డిస్కు కాళ్లు తీగల సందుల్లో దిగిపోతాయి కాబట్టి దాని కింద మాత్రం చిన్న ప్లైవుడ్ ముక్క వేయండి. కొందరు అర మొత్తం అట్టతో కప్పేస్తారు. మరి ఈ ర్యాక్ కొన్నదెందుకు?

వైర్లు వెనక గొట్టానికి వెల్క్రోతోనే కట్టాలి. జిప్ టైలు వేస్తే, ఒక్క వైరు మార్చాలన్నా కత్తెర వెతుక్కోవాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు త్రీపిన్‌దే వాడండి, చుట్టూ ఉన్నది ఇనుము. దాన్ని కూడా నేలమీద వదలకుండా జానెడు ఎత్తున గొట్టానికి కట్టండి. తడిగుడ్డ పెట్టే వాళ్లకి బోర్డు కనపడదు.