అరబిక్ మాతృభాషైన వాళ్లు ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లీషు భాషా పరీక్ష) రాసే ముందు

• ముందు పేరు చూసుకోండి. అరబిక్ పేర్లను ఇంగ్లీషులో రకరకాలుగా రాస్తారు. దరఖాస్తులో పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి.

• అసలు జాగ్రత్త స్పెల్లింగ్‌తోనే. అరబిక్ రాతలో పొట్టి అచ్చులు సాధారణంగా రాయరు కాబట్టి ఇంగ్లీషులోనూ అవి జారిపోతుంటాయి. లిజనింగ్‌లో జవాబు సరిగ్గా విన్నా స్పెల్లింగ్ తప్పితే మార్కు పోతుంది. తెలిసిన జవాబుకు మార్కు పోవడం నిజంగా బాధాకరం. అందుకే రోజూ విని రాయండి, అచ్చులు సరిచూసుకోండి.

• అరబిక్‌లో క్యాపిటల్ లెటర్లు లేవు. వాక్యాల మొదట్లో, పేర్ల దగ్గర మళ్లీ చూసుకోండి.

• ‘ప’, ‘బ’ కలిసిపోతున్నాయా? మీ మాట రికార్డు చేసుకుని వినండి. యాస గురించి టెన్షన్ వద్దు, మాట స్పష్టంగా అర్థమవాలి.

• రీడింగ్‌లో 40 ప్రశ్నలకు 60 నిమిషాలే. టైమర్ పెట్టుకునే సాధన చేయండి.