జర్మన్ నోట్‌బుక్‌లో ‘టిష్ = బల్ల’ అని రాయకండి

బడిలో జర్మన్ మొదలుపెట్టిన పిల్లలు మొదటి వారమే చేసే పొరపాటు ఇది. ‘డెర్ టిష్, టిషె’ అని రాయాలి: ముందు ఆ మాట లింగాన్ని చూపే డెర్ (పుంలింగం), డీ (స్త్రీలింగం), డాస్ (నపుంసకలింగం)లలో ఏది వస్తుందో అది, తర్వాత మాట, చివర బహువచనం. డెర్‌కి నీలం, డీకి ఎరుపు, డాస్‌కి ఆకుపచ్చ సిరా వాడితే కంటికి పడుతుంది. పైకి చదివేటప్పుడూ విడదీయకుండా ఒకే మాటలా పలకాలి.

అర్థాన్ని బట్టి లింగం ఊహించడం దండగ. చెంచా (లోఫెల్) డెర్, ఫోర్కు (గాబెల్) డీ, కత్తి (మెసెర్) డాస్. ఇందులో తర్కం వెతక్కండి! మాట చివర చూడటం నయం. ఉంగ్, హైట్, కైట్, షాఫ్ట్ అని ముగిస్తే డీ. ‘షెన్’ అనే చిన్నదనపు ప్రత్యయం ఉంటే డాస్. అమ్మాయి అనే మేడ్‌షెన్ కూడా అందుకే డాస్. (తెలుగులో అమ్మాయినీ బల్లనీ ‘అది’ అనేస్తాం కాబట్టి మనకిది మరీ వింతేం కాదు.) సోమవారం లాంటి వారాల పేర్లు, నెలల పేర్లు డెర్. ‘ఎ’తో ముగిసేవి ఎక్కువగా డీయే గానీ, డెర్ నామె, డాస్ ఔగె లాంటివి విడిగా గుర్తుపెట్టుకోవాలి.

మొదట్లో వదిలేస్తే దెబ్బ తగిలేది ద్వితీయా విభక్తి పాఠంలో. అక్కడ డెర్ ఒక్కటే డెన్ అవుతుంది, డెర్ మాటల ముందు వచ్చే ఐన్ (‘ఒక’) ఐనెన్ అవుతుంది: ‘ఇష్ హాబె ఐనెన్ బ్రూడెర్’ (నాకు ఒక సోదరుడు ఉన్నాడు), కానీ ‘ఐనె ష్వెస్టెర్’ (ఒక సోదరి). డీ, డాస్ మారవు. లింగం తెలియకపోతే ఈ సూత్రం వచ్చినా వాక్యం తప్పుతుంది. రోజుకు ఎనిమిది మాటలు చాలు. మర్నాడు మాట మాత్రం చూసి డెర్, డీ, డాస్ చెప్పించండి.