మెర్జ్ చేసినా మార్పులు రాకపోతే: గిట్‌లో తప్పులు సరిదిద్దడం

గిట్ అంటే కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం. ఆ చరిత్రలో నమోదైన ఒక్కో మార్పే కమిట్. సమస్య ఏదైనా ముందు "గిట్ స్టేటస్" కొట్టి, అది చెప్పేది చివరి వరుస దాకా చదవండి. ఏ బ్రాంచ్‌లో (కోడ్ విడిగా సాగే శాఖలో) ఉన్నారో, రీబేస్ (కమిట్లను కొత్త పునాది మీద తిరిగి పేర్చడం) సగంలో ఆగిందో, కమిట్ కాని మార్పులు ఏమున్నాయో అక్కడే ఉంటుంది. అది చూడకుండా నేరుగా "గిట్ రీసెట్ --హార్డ్" (కమిట్ కాని మార్పులను తుడిచేసే ఆదేశం) కొట్టేసి, ఆ తర్వాత సాయం అడిగేవాళ్లే ఎక్కువ. కమిట్ అయినదాన్ని చాలావరకు వెతికి తేవచ్చు. కమిట్ కాకముందే తుడిచేసినదానికి గిట్ పూచీ పడదు.

రెండో ప్రశ్న: సమస్య ఉన్న కమిట్ పుష్ అయిందా, అంటే అందరూ వాడే సర్వర్‌కు చేరిందా? కాకపోతే చరిత్రను ఇష్టమొచ్చినట్టు దిద్దుకోండి. అయి ఉంటే, నలుగురూ వాడే బ్రాంచ్‌లో రివర్ట్ (పాత మార్పుకు ఎదురు మార్పును కొత్త కమిట్‌గా చేర్చడం) తప్ప మరో మార్గం వద్దు.

లక్షణం: చివరి కమిట్‌లో సందేశం తప్పు, లేదా ఓ ఫైలు మరిచారు

పుష్ కాలేదా? "గిట్ కమిట్ --అమెండ్". అంతే.

లక్షణం: కమిట్లు మాయమయ్యాయి

రీసెట్ అతిగా చేసి ఉంటారు, లేదా డిటాచ్డ్ హెడ్‌లో (ఏ బ్రాంచ్ మీదా లేని స్థితిలో) పనిచేసి వేరే బ్రాంచ్‌కు మారి ఉంటారు. "గిట్ రీఫ్లాగ్"లో (మీరు ఎప్పుడు ఏ కమిట్ దగ్గర ఉన్నారో చెప్పే చిట్టాలో) పాత హ్యాష్ (కమిట్ గుర్తింపు కోడ్) వెతికి, దాని మీద "గిట్ బ్రాంచ్"తో కొత్త బ్రాంచ్ పెట్టండి. ఇలా దారి తప్పిన కమిట్ల నమోదు మామూలుగా 30 రోజులు నిలుస్తుంది. రీఫ్లాగ్ ఉండేది మీ కంప్యూటర్‌లోని ఆ ఫోల్డర్‌లోనే. కంగారుపడి ఫోల్డర్ చెరిపేసి సర్వర్ నుంచి మళ్లీ క్లోన్ (నకలు) చేశారంటే ఉన్న ఒక్క ఆధారమూ పోతుంది. దయచేసి ఆ పని చేయకండి.

లక్షణం: మెర్జ్ సజావుగా జరిగింది, కోడ్ మాత్రం రాలేదు

అందరినీ ముంచేది ఇదే. కథ ఎప్పుడూ ఒకేలా నడుస్తుంది. ఫీచర్ బ్రాంచ్‌ను (కొత్త సదుపాయం రాసిన శాఖను) మెయిన్‌లో (ప్రధాన శాఖలో) మెర్జ్ చేస్తారు, అంటే కలుపుతారు. ఏదో విరుగుతుంది. "గిట్ రివర్ట్ -ఎం 1"తోనో, గిట్‌హబ్‌లో (గిట్ కోడ్ ఉంచే వెబ్‌సైట్‌లో) రివర్ట్ బటన్‌తోనో ఆ మెర్జ్‌ను వెనక్కి తీసుకుంటారు. ఫీచర్ బ్రాంచ్‌లో లోపం సరిచేసి మళ్లీ మెర్జ్ చేస్తారు. సరిచేసిన నాలుగు వరుసలు వస్తాయి, అసలు ఫీచర్ రాదు. కొత్త కమిట్ ఏదీ లేకపోతే "ఇప్పటికే తాజాగా ఉంది" అని గిట్ చేతులు దులుపుకుంటుంది.

కారణం ఇదీ. రివర్ట్ కోడ్‌ను వెనక్కి తిప్పుతుంది, చరిత్రను కాదు. పద్దుల పుస్తకంలో తప్పు పద్దుకు ఎదురు పద్దు రాసినట్టు, పాత పేజీ అలాగే ఉంటుంది. ఫీచర్ కమిట్లు మెయిన్ చరిత్రలో ఇప్పటికే ఉన్నాయి కాబట్టి, వాటిని మళ్లీ తేవాల్సిన పని లేదని గిట్ లెక్క. ఆ లెక్క తప్పు కూడా కాదు.

దీనికంటే ప్రమాదకరమైన రూపం ఒకటుంది. రివర్ట్ అయ్యాక ఎవరో "బ్రాంచ్‌ను తాజా చేద్దాం" అని మెయిన్‌ను ఫీచర్‌లోకి మెర్జ్ చేస్తారు. దానితోపాటు రివర్ట్ కూడా వచ్చి, ఫీచర్ బ్రాంచ్‌లోనే కోడ్‌ను తుడిచేస్తుంది. చాలాసార్లు కాన్‌ఫ్లిక్ట్ (రెండు మార్పులు ఢీకొన్నాయన్న హెచ్చరిక) కూడా రాదు, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

నిర్ధారణకు మెయిన్‌లో "గిట్ లాగ్ --గ్రెప్=రివర్ట్" చూడండి. ఫీచర్ పేరుతో ఓ రివర్ట్ కమిట్ కనిపిస్తే దొంగ దొరికినట్టే. మెయిన్ నుంచి కొత్త బ్రాంచ్ తీసి, ఆ రివర్ట్ కమిట్‌నే రివర్ట్ చేయండి. అది మామూలు కమిట్ కాబట్టి, మెర్జ్‌లో ఏ వైపు నిలపాలో చెప్పే "-ఎం" అక్కర్లేదు. ఆ తర్వాతే ఫీచర్‌లోని కొత్త దిద్దుబాట్లను దానిలో మెర్జ్ చేయండి. ఈ వరుస మార్చకండి.

ఒక మినహాయింపు: ఫీచర్ బ్రాంచ్‌ను మొదటి నుంచీ కొత్త కమిట్లతో తిరగరాసి ఉంటే నేరుగా మెర్జ్ చేయండి. అప్పుడు రివర్ట్‌ను రివర్ట్ చేస్తే ఒకే మార్పు రెండు దారుల్లో వచ్చి కాన్‌ఫ్లిక్ట్‌లు పెరుగుతాయి. స్క్వాష్ మెర్జ్ (బ్రాంచ్ కమిట్లన్నిటినీ ఒకే కొత్త కమిట్‌గా కలిపే పద్ధతి) వాడే బృందాలకు ఈ చిక్కే ఉండదు. అక్కడ ఫీచర్ కమిట్లు మెయిన్ చరిత్రలో చేరవు.

అరుదైనవి

సబ్‌మాడ్యూల్ (ప్రాజెక్టు లోపల ఉంచుకున్న మరో గిట్ ప్రాజెక్టు) పాత కమిట్ దగ్గర ఆగిపోతే "గిట్ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్" చాలు. ఆబ్జెక్టులు (గిట్ లోపల దాచుకునే డేటా) నిజంగా పాడయ్యాయేమో "గిట్ ఎఫ్‌ఎస్‌సీకే" చెబుతుంది, కానీ అది చాలా అరుదు. పాస్‌వర్డ్ పుష్ అయిపోతే చరిత్ర శుభ్రం చేయడం తర్వాత, ముందు ఆ పాస్‌వర్డ్ మార్చండి.