థర్మాకోల్ బొమ్మకి రంగు వేసే ముందు

తీర్థాలకీ, సంక్రాంతి స్టాళ్ళకీ థర్మాకోల్‌తో పెద్ద బొమ్మలు చేసేవాళ్ళు ఎనామిల్ పెయింటుగానీ స్ప్రే డబ్బాగానీ దాని మీద నేరుగా కొట్టకండి. అందులోని థిన్నర్ థర్మాకోల్‌ని తినేస్తుంది. రాజోలు దగ్గర ఒక హోటల్ ముందు పెట్టడానికి ఆరడుగుల పులస చెక్కాను. పొలుసులకే రెండ్రోజులు పట్టింది. వెండి రంగు స్ప్రే కొట్టగానే గుంటలు పడి, పులస కాస్తా పుచ్చు వంకాయలా తయారైంది. నా మొహం కూడా అలాగే ఉంది లెండి.

ఇప్పుడైతే వాటర్‌ప్రూఫ్ రకం ఫెవికాల్‌లో కాసిని నీళ్ళు కలిపి, పాత నేత చీర ముక్కలు ముంచి రెండు పొరలు అంటిస్తాను. మన కోనసీమ గాలిలో తేమ ఎక్కువ, తొందరపడకండి. ఒక పొర పూర్తిగా ఆరాకే రెండోది. ఆ పైన బయటి గోడలకి వేసే ఎమల్షన్, అదీ నీళ్ళతో కలిపేదే.

అంతర్వేది వైపు అయితే స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలే వాడండి. ఉప్పుగాలికి మామూలు మేకులు తుప్పుపట్టి, బొమ్మ మీద ఎర్రటి చారలు దిగుతాయి.

బోర్డు మీద అక్షరాలకి 10 అడుగుల దూరానికి అంగుళం ఎత్తు లెక్క. ఏటిగట్టు మీద 100 అడుగుల నుంచి తేలిగ్గా చదవాలంటే 10 అంగుళాలు. ఒత్తులకి కింద చోటు వదలడం మర్చిపోకండి.