ఇంగ్లిష్ ఏల్‌కి ఈస్ట్: ఏది ఎంచుకోవాలి, ఎలా చూసుకోవాలి

ఇంట్లో బీరు కాచేవాళ్లని కదిలిస్తే బీరుకి చేదు, వాసన ఇచ్చే హాప్స్ పూల గురించి గంటసేపు చెప్తారు. ఈస్ట్ దగ్గరికొచ్చేసరికి చేతికందిన ప్యాకెట్ చించి పోసి చేతులు దులుపుకుంటారు. హాప్స్ దట్టించే అమెరికన్ ఐపీఏకి అలా చేసినా చెల్లిపోతుందేమో. నాలుగు శాతం ఆల్కహాల్ కూడా లేని బిట్టర్ అనే ఇంగ్లిష్ ఏల్ రకం బీరులో చెల్లదు. అందులో తగిలే పళ్ల వాసన, చివర్లో నాలుక మీద నిలిచే మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపి, ఒక పైంట్ అయ్యాక ఇంకోటి తాగాలనిపించడం, వీటిలో సగం ఈస్ట్ పుణ్యమే అంటాను నేను.

ఎంచుకునేటప్పుడు నేను చూసేవి రెండే. ఎంత చక్కెర తింటుంది? పని అయ్యాక ఎంత త్వరగా అడుక్కి దిగుతుంది? వాసన సంగతి ఆ తర్వాత.

వోర్ట్ అంటే పులియబెట్టక ముందు ఉండే తియ్యని మాల్ట్ నీళ్లు. అందులో చక్కెర ఎంతుందో గ్రావిటీ అంకె చెప్తుంది, మంచినీళ్లది 1.000. గ్రావిటీ 1.042 దగ్గర మొదలుపెట్టిన వోర్ట్‌ని నాటింగ్‌హమ్ అనే పొడి ఈస్ట్ 1.008 దాకా లాగేస్తుంది. అదే వోర్ట్‌లో విండ్సర్ అనే ఇంకో పొడి ఈస్ట్ వేస్తే 1.014 దగ్గర ఆగిపోవచ్చు. విండ్సర్‌కి మాల్టోట్రయోస్ అనే చక్కెర అరగదు, దాన్ని అలాగే వదిలేస్తుంది. అందుకే తక్కువ ఆల్కహాల్‌తో నిండుగా ఉండాల్సిన మైల్డ్ అనే ఏల్‌కి విండ్సర్ బాగుంటుంది. బిట్టర్‌కి వాడాలనుకుంటే మ్యాష్‌ని, అంటే వేడినీళ్లలో నానే మాల్ట్‌ని, 65 డిగ్రీల దగ్గర ఉంచండి, లేకపోతే బరువుగా, తియ్యగా తేలుతుంది. నాటింగ్‌హమ్ నమ్మకస్థురాలు, కానీ ముచ్చట్లు చెప్పదు. శుభ్రంగా పని చేసి వెళ్లిపోతుంది. ఎస్-04 అనే మరో పొడి ఈస్ట్ వీటికి మధ్యలో ఉంటుంది. త్వరగా తేరుకుంటుంది, సీసా అడుగున గట్టిగా అతుక్కుంటుంది. 20 డిగ్రీలు దాటనిస్తే మాత్రం నాకు పచ్చి బ్రెడ్ పిండి వాసన కొడుతుంది.

ద్రవ ఈస్టుల్లో అసలైన రుచులున్నాయి. వైయీస్ట్, వైట్ ల్యాబ్స్ అనే కంపెనీలు వీటిని నంబర్లతో అమ్ముతాయి. వైయీస్ట్ 1968, వైట్ ల్యాబ్స్ 002 రెండూ లండన్ చిజిక్‌లోని ఫుల్లర్స్ బ్రూవరీ వంశమనీ, వైయీస్ట్ 1469 కీత్లీలోని టిమోతీ టేలర్ బ్రూవరీ వంశమనీ హోమ్‌బ్రూవర్లలో చాలాకాలంగా ఉన్న మాట. ప్యాకెట్ మీద బ్రూవరీ పేరు ఉండదు, గ్లాసులో మాత్రం పోలిక తెలుస్తుంది. ఒక్కటే ఎంచుకోమంటే నేను 1469 వైపే మొగ్గుతాను. రాతిపండు వాసన, అంటే పీచ్, ఆప్రికాట్ లాంటిది, కొంచెం గింజల రుచి, పైన దట్టమైన నురగ. 002ని మొదటిసారి చూసినవాళ్లు పాడైపోయిందని కంగారు పడతారు. ప్యాకెట్‌లో విరిగిన పాలలా ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ఎంత ఊపినా కలవదు. అది దాని స్వభావం. కణాలు ఒకదానికొకటి అంత గట్టిగా అంటుకుంటాయి కాబట్టే ఆ బీరు అంత త్వరగా అద్దంలా తేరుకుంటుంది.

చిక్కు కూడా అక్కడే ఉంది.

త్వరగా దిగే ఈస్ట్ పని పూర్తికాకుండానే దిగి పడుకుంటుంది. గ్రావిటీ 1.020 దగ్గర ఆగిపోతుంది, పైగా వెన్న వాసన. ఆ వాసన పేరు డయాసిటైల్. పులిసేటప్పుడు ఈస్ట్ వదిలిన ఒక పదార్థం బీరులో దానంతటదే డయాసిటైల్‌గా మారుతుంది, చివర్లో ఆ ఈస్టే దాన్ని మళ్లీ పీల్చేసుకోవాలి. పీల్చుకోవాల్సింది అడుగున మడ్డిలో నిద్రపోతుంటే ఎవరు చేస్తారు? ఇంగ్లండ్ బ్రూవర్లకి ఇది పాత తలనొప్పే. యార్క్‌షైర్ స్క్వేర్ అనే తొట్టెలు చూడండి. పలక రాతితో కట్టిన రెండంతస్తుల తొట్టె అది, టాడ్‌కాస్టర్‌లో శామ్యూల్ స్మిత్స్ వాళ్లు ఇప్పటికీ వాడుతున్నారు. నురగ, ఈస్ట్ మధ్యలో ఉన్న రంధ్రం గుండా పైఅంతస్తుకి పొంగుతాయి. కింది బీరుని పంపుతో పైకి తోడి, ఈస్ట్‌ని మళ్లీ దాంట్లో కలిపి లేపుతారు.

ఇంట్లో పంపు అక్కర్లేదు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా పొద్దున, సాయంత్రం ఫెర్మెంటర్‌ని (పులియబెట్టే పాత్రని) మెల్లగా గుండ్రంగా తిప్పండి. లేదా శానిటైజర్‌లో ముంచిన పొడవాటి చెంచాతో అడుగు నుంచి ఒకసారి కలపండి. చిలకొద్దు. నాలుగో రోజుకి గాలి తగిలితే బీరు పాడవుతుంది.

ఇక వేసే పద్ధతి. 23 లీటర్ల 1.042 వోర్ట్‌కి దాదాపు 18 వేల కోట్ల కణాలు కావాలి. తాజా ద్రవ ప్యాకెట్‌లో మామూలుగా ఉండేవి 10 వేల కోట్లు, నెలలు గడిచేకొద్దీ అవీ తగ్గుతాయి. అందుకే స్టార్టర్ చేసుకోవాలి, అంటే ఈస్ట్‌ని ముందే కొద్దిపాటి వోర్ట్‌లో పెంచుకోవాలి. లీటరున్నర నీళ్లలో 150 గ్రాముల పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కలిపి, పది నిమిషాలు మరిగించి, 20 డిగ్రీలకి చల్లార్చి ఈస్ట్ వేయండి. మూతి మీద ఫాయిల్ వదులుగా కప్పి, అటూ ఇటూ వెళ్లినప్పుడల్లా ఒకసారి ఊపండి. రెండు రోజుల్లో సిద్ధం. పొడి ఈస్ట్‌కి ఈ తతంగమేమీ లేదు, 11 గ్రాముల ప్యాకెట్ సరిపోతుంది. నీళ్లలో నానబెట్టేవాళ్లు ఈస్ట్ బరువుకి పదింతల గోరువెచ్చని నీళ్లు, 30 నుంచి 35 డిగ్రీల మధ్య తీసుకోవాలి. పావుగంట చాలు. పొడిని నేరుగా చల్లినా పెద్దగా తేడా రాదంటాను, కొట్లాడేవాళ్లు కొట్లాడుకోవచ్చు. ఈస్ట్ వేసే ముందు వోర్ట్‌కి గాలి పట్టించడం ద్రవ ఈస్ట్‌కి తప్పనిసరి. చల్లారిన వోర్ట్‌ని ఎత్తు నుంచి ధారగా పోసినా, మూతపెట్టి బాగా కుదిపినా పనవుతుంది.

వేడి విషయంలో నా పద్ధతి ఇది. 17 డిగ్రీల దగ్గర వేసి, తనంతట తను 20కి ఎక్కనిస్తాను, అక్కడే ఆపుతాను. థర్మామీటర్‌ని గోడకి కాదు, ఫెర్మెంటర్‌కి అంటించండి. జోరుగా పులిసేటప్పుడు గది కంటే లోపల రెండు మూడు డిగ్రీలు ఎక్కువుంటుంది. చలికాలంలో గరాజ్‌లో పెట్టేవాళ్లకి సమస్య తిరగబడుతుంది. రాత్రి చల్లబడితే ఈ ఈస్టులు ఠక్కున పడిపోతాయి. హీట్ బెల్ట్ ఒకటి కొనుక్కోండి, పాత దుప్పటి చుట్టండి. ఎయిర్‌లాక్‌లో, అంటే గ్యాస్‌ని బయటికి వదిలే మూతలో, బుడగలు ఆగాయని చల్లబరచడం మొదలుపెట్టొద్దు, ఇంకో రెండు మూడు రోజులు 20 దగ్గరే వదిలేయండి. అనుమానముంటే చిన్న పరీక్ష ఉంది. రెండు గ్లాసుల్లో కొద్ది కొద్దిగా బీరు తీసి మూతపెట్టండి. ఒకదాన్ని 60 డిగ్రీల వేడినీళ్ల గిన్నెలో ఇరవై నిమిషాలు ఉంచి, చల్లార్చి, రెండూ వాసన చూడండి. వేడిచేసినదాంట్లో వెన్న తగిలితే ఇంకా ఆగాలి.

వైయీస్ట్ 1469, 1318 లాంటివి పులిసేటప్పుడు పైకి పొంగే రకాలు కాబట్టి వాటిని మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. నాకు ఈ పనంతటిలో ఇష్టమైన ఘట్టం ఇదే. మొదట వచ్చే గోధుమరంగు తెట్టులో హాప్స్ జిగురు, చెత్త ఉంటాయి, నాలుకకి చేదుగా అంటుకుంటుంది. దాన్ని తీసి పారేయండి. మర్నాటికి మీగడ రంగులో, గరిటె పెడితే నిలబడేంత గట్టిగా కొత్త నురగ లేస్తుంది. కావాల్సింది అదే. మరిగించిన గరిటెతో తీసి శుభ్రమైన జాడీలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. మూత బిగించొద్దు, గ్యాస్ పట్టి జాడీ పగలగలదు. అడుక్కి దిగిన చిక్కటి ఈస్ట్ 150 నుంచి 200 మిల్లీలీటర్లుంటే తర్వాతి కాపుకి చాలు. వారంలోపు వాడేయండి.

దగ్గర్లో చిన్న బ్రూవరీ ఉంటే అడగడానికి మొహమాటపడకండి. కాచే రోజు కాకుండా ముందే ఫోన్ చేసి, మీ జాడీ మీరు పట్టుకెళ్తే ఇంగ్లండ్‌లో చాలామంది ఊరికే పోసిస్తారు. తెచ్చాక మాత్రం ముక్కుని నమ్మండి. 1871లో లూయీ పాశ్చర్ లండన్‌లో విట్‌బ్రెడ్ బ్రూవరీకి వెళ్లి వాళ్ల ఈస్ట్‌ని మైక్రోస్కోప్ కింద చూస్తే అక్కరలేని సూక్ష్మజీవులు కనిపించాయి. అంత పేరున్న చోటే అలా ఉంటే మన జాడీ ఎంత? పండ్ల వాసన, బ్రెడ్ వాసన మంచివి. వెనిగర్, గాయానికి అంటించే ప్లాస్టర్, కాలిన రబ్బరు వాసనల్లో ఏది వచ్చినా సింకులో పారబోయండి, బేరాలొద్దు.

సీసాల్లో నింపేటప్పుడు, బీరు ఎంత తేటగా కనిపించినా గ్యాస్ పట్టడానికి చాలినంత ఈస్ట్ అందులో ఉంటుంది, అదనంగా వేయక్కర్లేదు. లీటరుకి మూడు గ్రాముల చక్కెర చాలు, బిట్టర్ సోడాలా బుసబుసలాడకూడదు. రెండు వారాలు గదిలో ఉంచి, ఆపైన 12 డిగ్రీల దగ్గర పెట్టి తాగండి. 1968తో చేసినదైతే చివరి చుక్కదాకా వంపుకోవచ్చు. విండ్సర్‌తో చేసినదైతే అడుగున ఒక వేలెడు వదిలేయండి.