మృగశిరకు ముందే: సైటు పనివాళ్లకు చేయించి నేర్పాల్సిన జాగ్రత్తలు

మృగశిర కార్తె జూన్ మొదటి వారం దాటగానే వచ్చేస్తుంది. రోహిణి ఎండలకు బీటలు వారిన నేల, ఎండి తేలికైన సర్వీ బాదులు, పెళుసెక్కిన వైర్ల తొడుగులు ఒక్క వానతో వేరే రూపు దాలుస్తాయి. ఆ లోపే భవనాలు కట్టే సైటులో ఒక పూట పని ఆపి అందరికీ జాగ్రత్తలు నేర్పాలి. పొద్దున్నే వరసలో నిలబెట్టి పది నిమిషాలు ఉపన్యసించి, రిజిస్టరులో వేలిముద్ర వేయించుకుంటే దాన్ని శిక్షణ అనలేం. హైదరాబాద్‌లో ఏ పెద్ద సైటుకు వెళ్లినా పాలమూరు, శ్రీకాకుళం, ఒడిశా, బిహార్, ఛత్తీస్‌గఢ్ మనుషులు ఒకే స్లాబు మీద కనిపిస్తారు. ఒక భాషలో చెప్పింది సగం మందికి చేరదు. దగ్గరుండి చేయిస్తే అందరికీ చేరుతుంది. ఆ పూటకు కూలి కూడా కట్టివ్వాలి. రోజు కూలి పోతుందంటే ఎవరూ రారు, రాకపోవడం వాళ్ల తప్పూ కాదు.

మొదట సేఫ్టీ బెల్టు. నడుముకు మాత్రమే చుట్టే పాతరకం బెల్టులు పక్కన పడేయండి. పడినప్పుడు అవి నడుము విరగ్గొడతాయి, లేదా మనిషి వాటిలోంచి జారిపోతాడు. భుజాలకూ తొడలకూ పట్టీలుండి, భారత ప్రమాణం ఐఎస్ 3521 ముద్ర ఉన్న ఒళ్లంతా పట్టే బెల్టే కావాలి. ఒక్కొక్కరూ తమంతట తాము తొడుక్కోవాలి. తొడ పట్టీలో అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు. తర్వాత గట్టి దూలానికి బెల్టు తాడు కొసనున్న కొక్కెం తగిలించి, నేలకు అడుగు ఎత్తులో అర నిమిషం వేలాడనివ్వండి. పక్కనే స్టూలు ఉంచండి. పట్టీ ఎక్కడ కోస్తుందో, కాళ్లు ఎలా తిమ్మిరెక్కుతాయో వాళ్లకే తెలుస్తుంది. ఆ తర్వాత పట్టీ బిగించుకోమని ఎవరికీ చెప్పక్కర్లేదు.

కొక్కెం ఎక్కడ తగిలించాలన్నది ఇంకా ముఖ్యం. చాలామంది కాళ్ల దగ్గరున్న రాడ్డుకు తగిలిస్తారు. లెక్క వేసి చూపించండి. తాడు 2 మీటర్లు. పడ్డప్పుడు కుట్లు విడిపోయి అదురును మింగే భాగం మరో 1.75 మీటర్ల దాకా సాగుతుంది. బెల్టుకు తాడు కలిసే వీపు నుంచి పాదాల దాకా మీటరున్నర. దానికి ఒక మీటరు ఖాళీ కలపండి. మొత్తం 6 మీటర్లు దాటింది, అంటే రెండంతస్తులు. మొదటి అంతస్తులో పనిచేసేవాడు కాళ్ల దగ్గర తగిలించుకుంటే, బెల్టు ఆపేలోపే నేలకు తగులుతాడు. టేపు పట్టుకుని వాళ్లచేతే కొలిపించండి. కొక్కెం ఎప్పుడూ తలకు పైనే ఉండాలి. రెండు కొక్కేలున్న తాడైతే, ఒకటి తగిలించాకే రెండోది తీయడం అలవాటు చేయించండి.

బెల్టు పట్టి ఆపిన మనిషిని దించేదెవరు? చాలా సైట్లలో ఈ ప్రశ్నకు జవాబుండదు. కదలకుండా వేలాడితే నెత్తురు కాళ్లలోనే నిలిచి, కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పుతుంది. నిచ్చెన ఎక్కడుంది, ఎవరు తెస్తారు, ఎవరు ఎక్కుతారు, 108కి ఎవరు ఫోన్ చేస్తారు అన్నవి ముందే పేర్లతో సహా తేల్చి, ఇసుక నింపిన బస్తాను కట్టి ఒకసారి దించి చూడండి.

రెండోది మట్టి. నల్లరేగడి వేసవిలో పగుళ్లిస్తుంది. తొలి వాన నీళ్లు ఆ పగుళ్లలోకే దిగి, గుంత అంచును పెళ్లగా విడదీస్తాయి. మీటరున్నర లోతు దాటితే పక్కలు ఏటవాలుగా కోయాలి, లేదా పలకలు అడ్డంపెట్టి బాదులతో బిగించాలి. తవ్విన మట్టిని అంచుకు కనీసం మీటరున్నర దూరంలో పోయాలి. గుంత లోతులో సగం అంతకన్నా ఎక్కువైతే, ఆ సగమంత దూరంలో. జేసీబీనీ లారీనీ అంచుకు రానివ్వకూడదు. ఒక ఘనమీటరు తడిమట్టి టన్నున్నరకు తగ్గదు. ఆ బరువు అనుభవంతో తెలియాలంటే ఒకరి కాలు మోకాలి దాకా తడి ఇసుకలో పూడ్చి లాక్కోమనండి. ఒక్క కాలే రానప్పుడు, ఛాతీ దాకా కూరుకుపోయినవాడు ఊపిరి ఎలా పీలుస్తాడో వివరించక్కర్లేదు.

ఇక్కడే ఇంకో మాట గట్టిగా చెప్పాలి. గుంతలో మట్టి కూలి మనిషి చిక్కుకుంటే తోటివాడు వెంటనే దూకుతాడు. ప్రేమతోనే దూకుతాడు, మిగిలిన అంచు వాడి మీద కూలుతుంది. ముందు పక్కలకు ఆపు పెట్టి, తర్వాత చేతులతో, చిన్న పారలతో తవ్వాలి. మనిషి ఉన్నచోట జేసీబీ బకెట్ దించకూడదు.

మూడోది కరెంటు. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్, ఉండాలి. దాని మీది టెస్ట్ బటన్‌ను రోజూ పని మొదలుపెట్టేముందు కాంక్రీటు కుదిపే వైబ్రేటర్, కటింగ్ మిషన్ పట్టే మనిషే నొక్కాలి. స్విచ్ పడిపోకపోతే ఆ రోజు మిషన్ ముట్టకూడదు. ప్లగ్ లేకుండా తీగలను సాకెట్‌లో దూర్చి అగ్గిపుల్లలు బిగించే అలవాటు ఇంకా ఉంది. ఆ రోజే అలాంటివన్నీ ఏరి, కొత్త ప్లగ్గులు వాళ్లచేతే వేయించండి. ఇనుప రాడ్డు 12 మీటర్లు ఉంటుంది. గోడకూ 11 కేవీ (11 వేల వోల్టుల) లైనుకూ మధ్య నిబంధన ప్రకారం ఉండాల్సింది అడ్డంగా 1.2 మీటర్లే. ఊళ్లలో మేడల మీదికి రాడ్లు లాగేటప్పుడు ప్రాణాలు పోయేది ఇక్కడే. లైను పక్కన ఉంటే రాడ్లు రెండోవైపు నుంచి ఎక్కించాలి, లేదా కరెంటు ఆఫీసుకు చెప్పి లైను ఆపించాలి. షాక్ కొట్టినవాణ్ని ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపాలి. ఊపిరి ఆగితే ఛాతీ నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతు నొక్కాలి. ఇది బొమ్మ మీద చేతులతో నొక్కి చూస్తేనే వస్తుంది. రెండు నిమిషాలకే చేతులు లాగేస్తాయని, పక్కవాడు అందుకోవాలని అప్పుడు అర్థమవుతుంది.

స్లాబుకు అచ్చు కట్టే సెంట్రింగ్ వాళ్లకు వేరుగా: వానకు, అచ్చును మోసే జాకీ కింద నేల మెత్తబడుతుంది, పలక వేయకుండా నిలపొద్దు. ఆసరాల మధ్య దూరం 4.5 మీటర్ల లోపున్న స్లాబుకు 7 రోజులు, దాటితే 14 రోజులు జాకీలు ఉంచాలి. 6 మీటర్లు దాటిన దూలానికి 21 రోజులు. ఉరుము వినపడితే పరంజా దిగాలి, క్రేను ఆపాలి.

ఆడవాళ్ల సంగతి చాలామంది వదిలేస్తారు. చుట్టకుదురు మీద తట్ట మోసే మనిషి హెల్మెట్ ఎలా పెట్టుకుంటుంది? పైన పని జరుగుతుంటే ఆమె తలకు ఏ రక్షణా లేదు. దీనికి నాకు తెలిసిన సరైన దారి తట్ట తప్పించి చేతిబండీ, సామాను పైకి లాగే హాయిస్టూ పెట్టడమే. చీర మీద చొక్కా వేసుకున్నా కొంగు కాంక్రీటు కలిపే మిల్లర్‌లో చిక్కకుండా లోపలికి దోపుకోవాలి. బూట్లు ఆమె పాదాల కొలతకే తేవాలి.

శిక్షణకన్నా కూడా ముందు చూడాల్సినవి పనివాళ్లు ఉండే షెడ్లు. 2024 మే 7 సాయంత్రం వానకు హైదరాబాద్ బాచుపల్లిలో కడుతున్న అపార్ట్‌మెంట్ రిటైనింగ్ గోడ (మట్టిని ఆపే గోడ) కూలి, దాన్ని ఆనుకున్న షెడ్లలోని ఏడుగురు చనిపోయారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి పనికొచ్చిన కుటుంబాలు, అందులో ఒక పసివాడు. అప్పటికి మృగశిర ఇంకా నెల దూరం. అందుకే షెడ్లను గోడ కిందనుంచి, గుంత అంచునుంచి ఏప్రిల్‌లోనే జరపాలి. గోడ వెనక నీరు పోయే రంధ్రాలు మూసుకుపోలేదా అని పుల్ల పెట్టి చూడాలి.

ఇక కూలీల అడ్డా మీదనుంచి ఒక్కరోజు పనికి వచ్చేవాళ్లు. శిక్షణ రోజున వాళ్లు ఉండరు, వాన రోజుల్లో తరచూ పైకి ఎక్కేది వాళ్లే. అలా వచ్చినవాళ్లచేత బెల్టు తొడిగించి, కొక్కెం తలపైన తగిలించి, టెస్ట్ బటన్ నొక్కించి, దిగే దారి చూపించండి. ఇందుకు పావుగంట చాలు. అది అయ్యేదాకా వాళ్లను నేలమీది పనిలోనే ఉంచమని మేస్త్రికి ముందే చెప్పి పెట్టండి.