మెరీనాలో స్లిప్పు మాట్లాడుకోవడం ఎలా?

మెరీనా అంటే బోట్లు నిలిపే రేవు, స్లిప్పు అంటే అందులో ఒక్క బోటు కట్టుకోవడానికి అద్దెకిచ్చే చోటు. ఏటా మార్చిలో, కొత్తగా బోటు కొన్న మనవాళ్లెవరో ఒకరు ఫోన్ చేస్తారు: "అన్నా, అనాపొలిస్ దగ్గర స్లిప్పు చవగ్గా దొరికింది!" జూన్‌లో మళ్లీ అదే గొంతు, లెక్క తడిసి మోపెడైందని. అమెరికా తూర్పు తీరాన, అనాపొలిస్ ఊరున్న చీసాపీక్ బే అనే అఖాతంలో ఏళ్లుగా బోటు కడుతున్నవాణ్ణి, ఈ పాట విని విసుగెత్తింది.

కావలసినవి 50 అడుగుల టేపు, రెండో కొస పట్టుకునే మనిషి. ఫోన్ యాప్‌తో కొలవకండి.

ముందు మూడు మెరీనాలకు ఫోన్ చేసి అద్దె పొడవు అడుగుకు ఎంతో కనుక్కోండి. అది సీజనుకా, ఏడాదికా కూడా అడగండి. ఇక్కడ సీజనంటే దాదాపు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా. చలికాలానికి వేరే డబ్బు.

ఇప్పుడు అసలు చిక్కు. అడుగుకు ఇంత అన్నారు సరే, ఏ అడుగులు? బోటు మీద 28 అని రాసి ఉంటే అది కంపెనీవాడు పెట్టిన పేరు, మెరీనావాడి కొలత కాదు. ముందు లంగరు ముక్కు నుంచి వెనక ఈతమెట్టు చివరిదాకా, బోటు వెనక బయట తగిలించే అవుట్‌బోర్డ్ ఇంజను ఉంటే దాన్ని పైకెత్తి మరీ, టేపు పట్టండి. 28 కాస్తా 32 అవుతుంది.

అక్కడితో అయిపోలేదు. చాలాచోట్ల బోటు పొడవు, స్లిప్పు పొడవు రెండింట్లో ఏది పెద్దదైతే దానికే వసూలు చేస్తారు. అడుగుకు 100 డాలర్లనుకోండి. మీ మనసులో 2,800. టేపు చెప్పేది 3,200. ఖాళీగా ఉన్నది 35 అడుగుల స్లిప్పే అయితే కట్టేది 3,500. అలాగని పొడవు తగ్గించి రాయకండి. మొదటి ఏడాది నేను ఆ తెలివే చూపించాను. రెండో వారంలో మేనేజరు టేపుతో దిగాడు. తేడా కట్టించుకున్నాడు, బోటు తోక దారిలోకి పొడుచుకొచ్చిందని స్లిప్పూ మార్పించాడు.

వెడల్పు కూడా కొలవండి. గుంజల మధ్య బోటుతోపాటు రెండువైపులా ఫెండర్లు (రాపిడి తగలకుండా వేలాడదీసే మెత్తలు) పట్టాలి. లోతు మాత్రం నీళ్లు బాగా తీసినప్పటిది అడగండి. చలికాలంలో వాయవ్యపు గాలి గట్టిగా వీస్తే బేలో నీళ్లు వెనక్కి పోయి, బోటు అడుగున దిగి ఉండే కీల్ బురదలో కూరుకుంటుంది.

డాక్, అంటే బోటు పక్కన నడిచే చెక్కదారి, నీళ్లతోపాటు లేచి దిగుతూ తేలేదే తీసుకోండి, ఇంకోటి వద్దు. అనాపొలిస్‌లో ఆటుపోట్ల తేడా అడుగు చుట్టుపక్కలే, పాతిన డాక్ చాలదా అంటారు. గాలికి నీళ్లు పెరిగిన రాత్రి వానలో తాళ్లు సవరించినవాడు ఆ మాట అనడు.

సౌకర్యాల జాబితాలో ఈతకొలను చూసి మురిసిపోకండి. 30 ఆంపుల కరెంటుకు మీటరుందా, మురుగు ట్యాంకు ఖాళీ చేసే పంపు పనిచేస్తోందా చూడండి. బాత్రూములు స్వయంగా వెళ్లి చూడాల్సిందే, ఆదివారం సాయంత్రమైతే మరీ మంచిది. పిల్లల్ని డాక్ పక్కన నీళ్లలోకి మాత్రం దిగనివ్వకండి. బోట్ల నుంచి కరెంటు నీళ్లలోకి లీకై ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

సంతకానికి ముందు ఇంకొక్కటి అడగండి: సీజను మధ్యలో బోటు అమ్మేస్తే మిగతా డబ్బు వెనక్కిస్తారా? చాలామంది ఇవ్వరు, కొన్నవాడి పేరుకు స్లిప్పు మార్చనూ మార్చరు.